ముందు చోటు, తరవాత ప్లేటు



ఈ మధ్య టెక్సాస్‌లో మన కుర్రాళ్ళు కొంతమంది శనాదివారాలు క్రికెట్ కిట్టు మూలన పెట్టి, పాత షెవర్లే పికప్ ట్రక్కుల కింద దూరుతున్నారు. 1967 నుంచి 72 దాకా వచ్చిన సీ10 ఒకటి, దాని తరవాత 73 నుంచి 87 దాకా వచ్చిన నలుచదరపు ముఖం బండి, ఇక్కడివాళ్ళు స్క్వేర్‌బాడీ అనేది, ఇంకొకటి. ఈ బండ్లు చూడముచ్చటగా ఉంటాయి. కాకపోతే ఇంజన్ అలిసిపోయి ఉంటుంది. అది దింపేసి, 1999 నుంచి సిల్వరాడో ట్రక్కుల్లో వచ్చిన ఎల్ఎస్ కుటుంబపు ఇంజన్ ఎక్కిస్తారు. ఎక్కువగా 5.3 లీటర్లది, ఎందుకంటే జంక్‌యార్డుల్లో అదే పుష్కలంగా దొరుకుతుంది.

నాకు ఫోన్ చేసేవాళ్ళలో చాలామంది మొదట అడిగేది ఒకటే. "అన్నా, మౌంట్లకి అడాప్టర్ ప్లేట్లు ఏవి కొనమంటావ్?" నేను తిరిగి అడుగుతాను, "గేర్‌బాక్సు ఏది వేస్తున్నావ్ తమ్ముడూ? ఆయిల్ చాంబర్ ఏది ఉంచుతున్నావ్?" అవతల కాసేపు మాట ఉండదు. తరవాత, "అవన్నీ చూద్దాంలే అన్నా, ప్లేట్లు చవగ్గా వస్తున్నాయి, ముందు తెప్పించేస్తా" అంటాడు. ఇవాళ నేను చెప్పబోయేది ఆ తమ్ముడికి చెప్పాల్సిన జవాబే. ఇంజన్ ఎక్కడ కూర్చోవాలో తేలాక కొనాల్సిన వస్తువు ఆ ప్లేటు. దాన్ని ముందే కొన్నవాడు తనకు తెలియకుండానే ఇంజన్ చోటు కూడా కొనేసుకున్నట్టే.

అసలు ఈ ప్లేటు అవసరం ఎందుకొచ్చింది? షెవర్లే స్మాల్ బ్లాక్ వీ8 ఇంజన్ 1955లో వచ్చింది. 1958 నుంచి దాని బ్లాకుకు రెండు పక్కలా మౌంటు బిగించే చోట్లు పెట్టారు, పక్కకి మూడేసి బోల్టులు. దశాబ్దాల తరబడి ఆ మూడు బోల్టుల అమరిక మారలేదు. అందుకే పాత షెవర్లేలో ఒక ఇంజన్ తీసి ఇంకోటి పెట్టడం ఇక్కడ ఇంటి వెనక షెడ్డులో జరిగే పని అయింది. 1997 కార్వెట్‌తో ఎల్ఎస్ వచ్చింది. సిలిండర్ల మధ్య దూరం పాతదే, 4.4 అంగుళాలు. గేర్‌బాక్సు బిగించే బోల్టులు కూడా ఒక్కటి తప్ప పాతవాటితో కలుస్తాయి. మౌంట్ల దగ్గర మాత్రం లెక్క మార్చేశారు. పక్కకి నాలుగు బోల్టులు, అవీ అంగుళాలవి కావు, మెట్రిక్ ఎం10. పాత ఫ్రేము మూడు బోల్టుల మౌంటు కోసం కాచుకుని ఉంది, కొత్త బ్లాకు నాలుగు చూపిస్తోంది. ఆ రెంటికీ సంధి కుదిర్చే ఉక్కు పలకే అడాప్టర్ ప్లేటు. నాలుగు బోల్టులతో బ్లాకును పట్టుకుంటుంది, తన ఒంటిమీదున్న మూడు మర రంధ్రాలతో పాత మౌంటుకు చోటిస్తుంది.

మన ఊళ్ళలో ఈ పని కొత్తదేం కాదు. పెట్రోలు అంబాసిడర్లలో మెటాడోర్ డీజిల్ ఇంజన్లు ఎక్కించిన మెకానిక్కులు మనకు ఉన్నారు. ఇంజన్ ఫౌండేషన్ దగ్గర ఏ ముక్క కావాలో అక్కడికక్కడ గ్యాసుతో కోసి, వెల్డింగ్ పెట్టి, లేత్ మిషన్ మీద బెజ్జం సరిచేసి కూర్చోబెట్టేవాళ్ళు. వాళ్ళు ముందు ఇంజన్ను గొలుసుకు వేలాడదీసి చోటు చూసుకునేవాళ్ళు, ముక్క తరవాత కోసేవాళ్ళు. ఇక్కడ ముక్క తయారుగా డబ్బాలో వస్తుంది కాబట్టి ఆ వరస తలకిందులైంది. నా ఫిర్యాదల్లా దాని మీదే.

డబ్బాలో వచ్చే ప్లేట్లలో రకాలున్నాయి. ఒకటి స్టాక్ లొకేషన్ ప్లేటు. కొత్త ఇంజన్ వెనక ముఖం, అంటే గేర్‌బాక్సు తగిలే ముఖం, పాత ఇంజనుది ఎక్కడుండేదో అక్కడే ఉండేలా చేస్తుంది. ఇంకొకటి ఇంజన్ను ఒక అంగుళం వెనక్కి నెడుతుంది. ముందుకు జరిపేవీ ఉన్నాయి. పొడుగాటి గాడులున్న జరుపుడు ప్లేట్లు కూడా అమ్ముతారు, ముందుకూ వెనక్కూ జరుపుకుని ఎక్కడ కావాలంటే అక్కడ బిగించుకోవచ్చు. ఒక అంగుళం అంటే 25 మిల్లీమీటర్లు. బొటనవేలంత వెడల్పు. అంతమాత్రం తేడాకి ఏమవుతుంది అనిపిస్తుంది కదా? కింద దూరి చూస్తే తెలుస్తుంది.

ముందు చాంబర్ సంగతి. ఆయిల్ నిలిచే చాంబర్ లోతు భాగం ఈ ఇంజన్లలో వెనక వైపు ఉంటుంది. పికప్ ఫ్రేములో ముందు చక్రాల మధ్య అడ్డంగా ఒక బలమైన క్రాస్ మెంబర్ ఉంటుంది. చాంబర్లో లోతు తక్కువ భాగం ఆ క్రాస్ మెంబర్ మీద నుంచి పోవాలి, లోతు భాగం దాని వెనక దిగాలి. ఇంజన్ ముందుకు జరిగితే లోతు భాగపు గోడ వెళ్ళి క్రాస్ మెంబర్‌ను ముద్దు పెట్టుకుంటుంది. వెనక్కి జరిపితే ఖాళీ వస్తుంది. సిల్వరాడో నుంచి ఊడదీసిన చాంబర్ అలాగే ఉంచితే ఇంకో చిక్కు ఉంది. అది లోతైనది, పాత బండిని కిందికి దించి నడుపుదామనుకునేవాడికి స్పీడ్ బ్రేకర్ దగ్గర మొదట తగిలేది అదే. హమ్మర్ హెచ్3లో వచ్చిన వీ8 చాంబర్ అని ఒకటుంది, లోతు తక్కువ, మార్పిడి చేసేవాళ్ళు దానికోసం వెతుక్కుంటారు. ఈ పనికోసమే ప్రత్యేకంగా పోతపోసిన చాంబర్లూ దొరుకుతాయి. ఏ చాంబర్ వేస్తావో తేలకుండా ఇంజన్ ముందుకా వెనక్కా అన్నది తేలదు.

వెనక్కి జరిపితే సుఖమే కదా అంటారు. కొంతవరకు నిజం. పాత స్మాల్ బ్లాకుకు డిస్ట్రిబ్యూటర్ వెనకాల, ఫైర్‌వాల్‌కు ఆనుకున్నట్టు ఉండేది. ఎల్ఎస్‌కు అది లేదు, ఒక్కో సిలిండర్‌కు ఒక్కో కాయిల్ వాల్వ్ కవర్ల మీదే కూర్చుంటుంది. కాబట్టి వెనక చోటు మిగులుతుంది, రేడియేటర్ వైపు ఫ్యానుకు ఊపిరాడుతుంది. అయితే ఇంజన్ ఒక్కటే జరగదు. దాని తోకన గేర్‌బాక్సు జరుగుతుంది, గేర్‌బాక్సు కింది క్రాస్ మెంబర్ బెజ్జాలు కలవవు, గేర్ లీవరు తన బెజ్జంలోంచి పక్కకు పోతుంది, ప్రొపెల్లర్ షాఫ్టు అంగుళం పొడుగైపోయి కోయించాల్సి వస్తుంది. షాఫ్టు ముందు కొస గేర్‌బాక్సులోకి పూర్తిగా దూరి గుద్దుకోకుండా, సుమారు ఒక అంగుళం ఆట మిగిలి ఉండాలి. వెనక యాక్సిల్ గుంటలో లేచినప్పుడు ఆ ఆటే గేర్‌బాక్సును కాపాడుతుంది. డ్రైవరు పక్కన ఎగ్జాస్ట్ మానిఫోల్డు, స్టీరింగ్ షాఫ్టు ఒకదాన్నొకటి ఎంత దూరంలో దాటుతున్నాయో కూడా అదే అంగుళం నిర్ణయిస్తుంది.

గేర్‌బాక్సు ఏదన్న ప్రశ్న అందుకే అడుగుతాను. ఎల్ఎస్‌తో పాటు వచ్చిన 4ఎల్60ఈ వేస్తే ఒక కథ. బండిలో ఉన్న పాత టర్బో 350నో, 400నో ఉంచుకుంటే ఇంకో కథ. ఎందుకంటే ఎల్ఎస్ క్రాంక్ వెనక అంచు పాతదానికన్నా సుమారు 0.4 అంగుళం, అంటే 10 మిల్లీమీటర్లు, లోపలికి ఉంటుంది. మధ్యలో స్పేసర్ వెయ్యకుండా టార్కు కన్వర్టర్‌ను లాగి బిగించారనుకోండి, అది గేర్‌బాక్సు పంపులోంచి ఆ మేరకు బయటికొచ్చేస్తుంది. ఈ 10 మిల్లీమీటర్లకు, మౌంటు ప్లేటుకు సంబంధం లేదు. ప్లేటు జరిపి దాన్ని సరిచేద్దామని చూసేవాళ్ళు కనిపిస్తుంటారు, అది కుదిరే పని కాదు.

ఇక ఏసీ కంప్రెసర్. ట్రక్కు ఇంజనులో అది కుడి పక్కన బాగా కింద వేలాడుతుంది. సీ10 ఫ్రేము సరిగ్గా అక్కడే ఉంటుంది. ఫ్రేము కోసి దానికి దారి చేసేవాళ్ళున్నారు. నేనైతే ఫ్రేము జోలికి పోవద్దంటాను. కంప్రెసర్‌ను పైకెక్కించే బ్రాకెట్లు దొరుకుతాయి, ఆ ఖర్చు పెట్టుకోండి. డల్లాస్ ఆగస్టులో ఏసీ లేకుండా నడుపుతానని ఏప్రిల్లో చెప్పే మాటలు నమ్మకండి.

కాబట్టి వరస ఇది. గేర్‌బాక్సు, చాంబర్, మానిఫోల్డులు, కంప్రెసర్ అన్నీ తగిలించిన ఇంజన్ను గొలుసు మీద ఫ్రేములోకి దించండి. బరువు మోయలేమనుకుంటే ఎల్ఎస్ ఆకారంలో ప్లాస్టిక్ దిమ్మెలు అమ్ముతారు, పని జరుగుతుంది. గేర్‌బాక్సు తోక కింద చెక్కముక్కలు పెట్టి, క్రాంక్ వాలు వెనక్కి సుమారు 3 డిగ్రీలు వచ్చేలా సర్దండి. వెనక యాక్సిల్ ముక్కు అదే వాలుకు సమాంతరంగా ఉండాలి. లేకపోతే గంటకు 60 మైళ్ళు దాటేసరికి యూనివర్సల్ జాయింట్ల వణుకు సీటు కిందికొస్తుంది. అన్ని పక్కలా వేలు దూరేంత ఖాళీ ఉందా చూడండి. ఇంజన్ రబ్బరు మీద ఊగే వస్తువు, నిలబడినప్పుడు తగలనిది పరుగులో తగులుతుంది. అప్పుడు టేపు పట్టుకుని, బ్లాకు మీది నాలుగు బెజ్జాల నుంచి ఫ్రేము మీద మౌంటు కూర్చునే స్టాండు బోల్టు దాకా కొలవండి. ఆ కొలత చేతిలో ఉంటే ఏ ప్లేటు కొనాలో ఎవర్నీ అడగక్కర్లేదు. జరుపుడు ప్లేట్లు ఈ చోటు వెతుక్కోడానికి బాగుంటాయి. వాటిమీదే ఏళ్ళతరబడి నడపడం నాకు ఇష్టముండదు, గాడిలో ఉన్న బోల్టు కేవలం బిగింపు రాపిడితోనే నిలబడాలి. చోటు ఖాయమయ్యాక స్థిరమైన ప్లేటుకు మారడం మేలు.

ఇప్పుడు ప్లేటును చేతిలోకి తీసుకుందాం. అమ్మేవాళ్ళు ఎక్కువగా 1/4 అంగుళం, 3/8 అంగుళం ఉక్కువి, అర అంగుళం అల్యూమినియంవి ఇస్తారు. ప్లేటును బ్లాకుకు బిగించే నాలుగు బోల్టుల తలలు ప్లేటు లోపలికి అణిగిపోవాలి, లేకపోతే పైన మౌంటు చదునుగా కూర్చోదు. అందుకని తల కిందికి సన్నగిల్లే బోల్టులు, అలెన్ కీతో తిప్పేవి, వాడతారు. ఎం10 బోల్టులో ఆ వాలు తల లోతు సుమారు 5.5 మిల్లీమీటర్లు. 1/4 అంగుళం ప్లేటు మందం 6.35. తల దిగాక కింద మిగిలే లోహం ఒక మిల్లీమీటరు కూడా లేదు. ఇంజన్ లాగుడంతా ఆ అంచు మీదే! 3/8 ప్లేటులో 4 మిల్లీమీటర్లు మిగులుతుంది. నేను 3/8 ఉక్కుకే ఓటేస్తాను.

ఇంకో చిన్న మోసం ఉంది, కంటికి ఆనదు. మెట్రిక్ బోల్టు తల వాలు 90 డిగ్రీలు, అమెరికా అంగుళాల బోల్టుది 82. ప్లేటు చేసినవాడు 82 డిగ్రీల డ్రిల్లుతో గుంట తీసి, మీకు 90 డిగ్రీల బోల్టు ఇస్తే, తల చుట్టూ ఒక గీత మేర మాత్రమే ఆనుతుంది. బిగించినప్పుడు గట్టిగానే అనిపిస్తుంది. నాలుగు రోజులు తిరిగాక ఆ గీత నలిగి బోల్టు వదులవుతుంది. కనిపెట్టడం తేలికే. తల వాలు మీద పెన్ను సిరా పూసి, గుంటలో పెట్టి ఒకసారి తిప్పి తీయండి. సిరా వాలు అంతటా చెరిగిందా, పైఅంచులోనే చెరిగిందా?

ప్లేటులో మౌంటు కోసం ఉండే మూడు మర రంధ్రాలు మాత్రం పాత అంగుళాల లెక్కే, 3/8, అంగుళానికి 16 మరలు. అంటే ఒకే ప్లేటులో బ్లాకు వైపు ఎం10, మౌంటు వైపు 3/8. ఈ రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. ఎం10 వ్యాసం 10 మిల్లీమీటర్లు, 3/8ది 9.5. మర దూరం ఒకటి 1.5, ఇంకొకటి 1.59. 3/8 బోల్టును ఎం10 రంధ్రంలో పెట్టి తిప్పితే నాలుగు చుట్లు హాయిగా వెళ్తుంది, తరవాత బిగుసుకున్నట్టు అనిపిస్తుంది. నిజానికి అప్పుడు బ్లాకు మరలు నలుగుతున్నాయి. ఇనుప బ్లాకయితే కొంత ఓర్చుకుంటుంది, అల్యూమినియం బ్లాకులో థ్రెడ్డు స్లిప్పయిపోతుంది. పని మొదలుపెట్టేముందే రెండు రకాల బోల్టుల్ని రెండు డబ్బాల్లో వేసుకోండి.

బోల్టు పొడుగు సంగతి కూడా చూడాలి. ఉక్కులో బోల్టు కనీసం తన వ్యాసమంత లోతు దిగాలి, అల్యూమినియంలో ఒకటిన్నర రెట్లు. 3/8 ఉక్కు ప్లేటులో 3/8 బోల్టుకు లెక్క సరిపోతుంది. అర అంగుళం అల్యూమినియం ప్లేటు మందం 12.7, కావాల్సింది 14 పైన. అందుకే అల్యూమినియంవి కొంటే మరల్లో ఉక్కు చుట్టలు పెట్టినవే కొనండి. పోనీ పొడుగు బోల్టు వేస్తే? ప్లేటు దాటి వెనకాల బ్లాకుకు తగిలి, ప్లేటును బ్లాకు నుంచి వెనక్కి తోస్తుంది. పైకి అంతా బిగిసినట్టే ఉంటుంది.

పాత మౌంట్లలో పొడుగ్గా సన్నగా ఉన్నవి, పొట్టిగా వెడల్పుగా ఉన్నవి అని రెండు రకాలు తిరుగుతుంటాయి. ఒక పక్క ఒకటి, ఇంకో పక్క ఇంకోటి పడితే ఇంజన్ ఓరగా కూర్చుంటుంది. జంక్‌యార్డులో విడిగా ఏరుకొచ్చేవాళ్ళకే ఈ జబ్బు.

ఇంతకీ ఈ మౌంట్లు మోసేదెంత? ఇంజన్, గేర్‌బాక్సు కలిపి ఒకే దిమ్మె, అది ముక్కాలి పీటలా మూడు చోట్ల ఆనుతుంది, ముందు రెండు మౌంట్లు, వెనక గేర్‌బాక్సు తోక. బరువులో ఒక్కో ముందు మౌంటు మీద పడేది నూరు కిలోల పైచిలుకు. బరువుతో భయం లేదు, మెలికతోనే. 5.3 ఇంజన్ టార్కు సుమారు 440 న్యూటన్ మీటర్లు. మౌంట్లకు తగిలేది అది కాదు. గేర్‌బాక్సు కూడా ఇంజనుకే బిగించి ఉంది కాబట్టి, షాఫ్టుకు వెళ్ళే టార్కంతా మౌంట్ల మీద తిరగబడుతుంది. 4ఎల్60ఈ మొదటి గేరు నిష్పత్తి 3.06. హెచ్చవేస్తే 1,346. కన్వర్టర్ ఇచ్చే అదనపు బలం నేను కలపలేదు. రెండు మౌంట్ల మధ్య దూరం అర మీటరు అనుకుంటే ఒక్కోదాని మీద 275 కిలోల బరువుకు సమానమైన లాగుడు. కుడిపక్క కిందికి తొక్కుతుంది, ఎడమపక్క, అంటే ఇక్కడ డ్రైవరు పక్క, పైకి లేపుతుంది. నూరు కిలోలు కిందికి, 275 పైకి! ఆ క్షణాన ఎడమ మౌంటు ఇంజన్ను మోయడం లేదు, ఎగిరిపోకుండా పట్టుకుంటోంది.

ఇది కాగితం లెక్క కాదు. 1971 డిసెంబరులో జనరల్ మోటార్స్ 67 లక్షల బండ్లను వెనక్కి పిలిచింది. 1965 నుంచి 69 దాకా వచ్చిన షెవర్లే కార్లు, వాటితోపాటు ఆ కాలపు తేలికపాటి ట్రక్కులు అందులో ఉన్నాయి. ఆ మౌంట్లు రెండు ఉక్కు రేకుల మధ్య రబ్బరు అతికించినవి. అతుకు ఊడితే పట్టుకునేది ఇంకేమీ లేదు. డ్రైవరు గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే ఎడమపక్క ఇంజన్ లేచి, లేస్తూ లేస్తూ యాక్సిలరేటర్ లింకేజీని తానే ఇంకా లాగేది. బ్రేకు బూస్టర్‌కు వెళ్ళే గొట్టం ఊడిపోయేది. కంపెనీ మౌంట్లన్నీ మార్చలేదు, ఇంజన్ లేవకుండా ఒక ఉక్కు తాడు కట్టించింది. ఆ తరవాతి మౌంట్లలో రబ్బరు చచ్చినా ఉక్కు ఉక్కును కొక్కెంలా పట్టుకునేలా చేశారు. మీ సీ10 ఆ వయసుదే. ప్లేట్ల మీద వంద డాలర్లు పెట్టి, యాభై ఏళ్ళనాటి రబ్బరునే మళ్ళీ వాటికి తగిలించకండి. అలా పట్టుకునే రకం మౌంట్లు కొత్తవి కొనండి.

రబ్బరు బదులు పాలీయురేథేన్ వేస్తే కదలిక తగ్గుతుంది, వణుకు స్టీరింగులోకి వస్తుంది. రోజూ ఆఫీసుకు నడిపేవాడికి మంచి రబ్బరే చాలు. ఒక్కటి మాత్రం చెయ్యద్దు. ముందు మెత్తటి రబ్బరు ఉంచి వెనక గేర్‌బాక్సు దగ్గర మౌంటు ఇనుముతో బిగించద్దు. మెలికంతా గేర్‌బాక్సు తోక మీదికొచ్చి అల్యూమినియం పగులుతుంది.

చట్టం మాట రెండు ముక్కల్లో. కాలిఫోర్నియాలో ఉన్న శ్రోతలకు, 1975 దాకా మోడళ్ళకు స్మాగ్ తనిఖీ లేదు, 76 నుంచి ఉంది. ఆ బండ్లలోకి వచ్చే ఇంజన్ బండికన్నా పాతది కాకూడదు, దానితో వచ్చిన కాలుష్య పరికరాలన్నీ ఉండాలి. ఇండియాలో వింటున్నవాళ్ళకు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, ఇంజన్ మార్పుకు ఆర్టీవో అనుమతి ముందుగానే తీసుకోవాలి.

అంతా బిగించాక ఒక పరీక్ష చెయ్యండి. బండి ముందు ఎవరూ నిలబడకూడదు. చక్రాలకు అడ్డం పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, డ్రైవ్‌లో పెట్టి, కాస్త యాక్సిలరేటర్ ఇవ్వమనండి. మీరు పక్కన నిలబడి ఎడమ మౌంటు చూడండి. ఇంజన్ కొద్దిగా ఒరిగి, మెల్లగా తన చోటుకు రావాలి. లేచి టక్కుమని పడిందంటే ఎక్కడో బోల్టు వదులుగా ఉంది. రివర్సులో పెట్టి కుడిపక్క కూడా చూడండి. ఇంజన్ ఒరిగినప్పుడు ఫ్యాను రేడియేటర్ కవచానికి ఎంత దగ్గరగా వస్తోంది, బ్యాటరీ ఎర్తు తీగ, ఫ్యూయల్ గొట్టం సాగిపోకుండా వాటికి కాస్త వదులు ఉందా అన్నవి అప్పుడే చూసుకోండి. తరవాత రెండు మూడు వందల మైళ్ళు తిప్పి, ఇంజన్ చల్లారాక, మౌంటు బోల్టులన్నీ మళ్ళీ ఒకసారి టార్కు రెంచితో పట్టి చూడండి. ప్లేటు బోల్టులు మౌంటు కింద దాక్కుంటాయి, అలెన్ కీ అందదు. అందుకని వాటికి మాత్రం మొదటిరోజే నీలం రంగు థ్రెడ్ లాకర్ రాసి బిగించండి.